బొబ్బిలి గుర్తుంది, చందుర్తి గుర్తులేదు

ప్రశ్న: "ప్రపంచ చరిత్రను మలుపు తిప్పిన పది ఘట్టాలు ఏవి? మా శిక్షణ కేంద్రం ఇచ్చిన జాబితాలో 1453, 1789, 1914, 1945, 1989 వంటివి ఉన్నాయి. తేదీలన్నీ బట్టీ పట్టాను. అవి ఎందుకు ముఖ్యమని అడిగితే మాత్రం నోరు పెగలడం లేదు. పైగా, వీటిలో మా విశాఖపట్నానికి ఎక్కడైనా చోటుందా?" గాజువాకలో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది.

సమాధానం:

అమ్మా, పది చెప్పను. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పాను. అందులో కనీసం మొదటి పదేళ్లు ఇలాంటి జాబితాలే బోర్డు మీద రాసి, పిల్లల చేత రాయించాను. వాళ్లకు మార్కులు వచ్చాయి, చరిత్ర రాలేదు. తప్పు నాదే.

మీ ప్రశ్నలోనే ఒక చిక్కుముడి ఉంది. ఘట్టం వేరు, మలుపు వేరు. చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకునేది ఘట్టం. దాన్ని పీకి పక్కన పెడితే ఆ తరువాతి కథంతా మరోలా నడిచేది మలుపు. ఈ రెండూ ఒకే రోజున కలిసి రావడం అరుదు. మలుపు తిరిగే రోజున చాలామంది అన్నం తిని పడుకుంటారు, అంతే. మన ఊరితోనే మొదలుపెడతాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంకు వెళ్లే ఉంటారు. అక్కడ జపాన్ వాళ్లు వేసిన బాంబు ఒకటి ప్రదర్శనలో ఉంది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాటిది. ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాన్నకు అప్పుడు పన్నెండేళ్లు. మా నాయనమ్మ సగం ఉడికిన అన్నం గిన్నెను గుడ్డలో మూటగట్టుకుని, పిల్లలతో చోడవరం వైపు వెళ్లే ఎడ్లబండి ఎక్కిందట. పాత ఊళ్లో వీధులకు వీధులే తాళాలు పడ్డాయి. యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గుంటూరుకు తరలిపోయింది. మా ఇంట్లో ఈ కథ అరవై ఏళ్లు చెప్పుకున్నాం. చెప్పిన ప్రతిసారీ బాంబుల సంఖ్య ఒకటి పెరిగేది.

ఇది ఘట్టం. మలుపు మాత్రం కాదు. ఆ రోజును తీసేసి చూడండి, యుద్ధం నడక ఏమీ మారదు. విశాఖ భయాన్ని తీర్చిన సంగతి ఇక్కడికి వేల మైళ్ల దూరంలో, పసిఫిక్ మధ్యనున్న మిడ్‌వే దీవి దగ్గర జరిగింది. మన మీద బాంబులు పడటానికి ముందురోజు కొలంబో మీద దాడి చేసిన దళంలో అకాగి, సోర్యు, హిర్యు అనే విమానవాహక నౌకలున్నాయి. రెండు నెలలు తిరగకుండానే, జూన్ 4 ఉదయం, అమెరికా విమానాలు అకాగిని, సోర్యును, వాటితో ఉన్న కాగాను నిమిషాల వ్యవధిలో తగలబెట్టాయి. సాయంత్రానికి హిర్యు వంతు వచ్చింది. మన మీదికి విమానాలను పంపిన ర్యూజో కూడా ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. ఆ జూన్‌లో విశాఖ జనం మాత్రం ఇంకా ఆకాశం వైపే బెదురుగా చూస్తున్నారు. తమ గండం గడిచిపోయిందని వాళ్లకు తెలియదు.

ఈ కథకు ఒక తోక కూడా ఉంది. అదే జపాన్‌కు బైలదిల్లా ఇనుప ఖనిజం అమ్మడానికి 1960లో మన దేశం ఒప్పందం చేసుకుంది. మనం అరకు వెళ్లే రైలు పరుగెత్తే కొత్తవలస–కిరండూల్ మార్గం ఆ ఖనిజాన్ని మన రేవుకు దించడానికి వేసినదే. పెద్ద ఖనిజ ఓడలు నిలవడానికి 1976లో బయటి హార్బరు వచ్చింది. ఏ రేవు మీద బాంబులు పడ్డాయో, ఆ రేవు నుంచే బాంబులు వేసినవాళ్ల ఉక్కు కర్మాగారాలకు ముడిసరుకు వెళ్లింది. ఓడిన జపాన్ కర్మాగారాల దేశంగా తిరిగి లేవడం ప్రపంచానికి మలుపు. బొర్రా గుహల స్టేషన్‌లో దిగి వేరుశనక్కాయలు తినేవాళ్లకు ఆ సంగతి తట్టకపోవడం సహజమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విశాఖకు ప్రపంచ చరిత్రలో చోటుందా అన్నారు. ఉంది, అదీ మీరు అనుకోని చోట.

బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాడు లేడు. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోటలోని ఆడవాళ్లు, పిల్లలు మంటలకు ఆహుతయ్యారు. తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి అతన్ని పొడిచి చంపాడు. పాటలయింది, నాటకమయింది, బుర్రకథయింది. ఘట్టం అంటే అది! వింటుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరి చందుర్తి? ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని ఒక పల్లె. ఇంగ్లీషు రికార్డుల్లో దాని పేరు 'కాండూర్'. తరగతిలో చేతులెత్తమని అడిగితే ఏ ఏడాదీ ఇద్దరికి మించి ఎత్తలేదు. ఆ ఇద్దరూ పిఠాపురం వైపు పిల్లలే.

జరిగింది ఇది. విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ప్లాసీ యుద్ధం జరిగిన 1757 జూన్ నెలలోనే బుస్సీ విశాఖలోని ఇంగ్లీషు స్థావరాన్ని పట్టుకున్నాడు. అంటే బెంగాల్లో ఇంగ్లీషువారు గెలుస్తున్న రోజుల్లో ఇక్కడ ఓడిపోయారు. మరుసటి ఏడాది బుస్సీని ఫ్రెంచివారే దక్షిణానికి పిలిపించుకున్నారు. అదను చూసి ఆనంద గజపతి విశాఖను తీసుకుని, ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లు మా వల్ల కాదన్నారు. కలకత్తాలో క్లైవ్ మాత్రం తన కౌన్సిల్ వద్దంటున్నా వినకుండా కర్నల్ ఫోర్డ్ అనే సేనానికి దాదాపు 500 మంది ఐరోపా సైనికులను, 2000 మంది సిపాయిలను ఇచ్చి ఓడలెక్కించాడు. 1758 అక్టోబరులో ఆ ఓడలు లంగరు వేసింది మన విశాఖ తీరంలోనే.

డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డ్ సేన, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సేన ఎదురుపడ్డాయి. ఇక్కడొక్క క్షణం ఆగండి. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కున్నారు. నిజమైన ఐరోపా పటాలం ముందు నిలువెత్తు చేను ఉంది, ఎదుటివాళ్లకు కనపడదు. ఎర్ర కోట్లను చూసిన ఫ్రెంచివారు అదే ఐరోపా పటాలమనుకుని తమ బలమంతా అటు విసిరారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచామనుకుని వరసలు చెదరగొట్టుకుని తరుముతున్న ఫ్రెంచివారి పక్కలోకి, చేను చాటునుంచి అసలు పటాలం వచ్చి కాల్పులు మొదలుపెట్టింది. ఒక చేను, కొన్ని కోట్ల రంగు. నేను ఏటా ఈ పాఠం చెప్పేటప్పుడు సుద్దముక్కతో ముందు చేనే గీసేవాణ్ణి, సైన్యాలు తరువాత.

గెలిచాక కూడా వెంటనే కదలలేదు. ఇస్తానన్న ఖర్చుల డబ్బు దగ్గర రాజుగారికి, ఫోర్డ్‌కు పేచీ వచ్చి వారాల తరబడి కాలం వృథా అయింది. (చరిత్ర పుస్తకాల్లో వీరత్వానికి పేజీలు, డబ్బు పేచీలకు ఒక వాక్యం. నన్నడిగితే తారుమారు చేస్తాను.) చివరికి 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోటను రాత్రివేళ ఎక్కి పట్టుకున్నాడు. దాంతో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. దక్కనులో ఫ్రెంచి పలుకుబడి అక్కడితో కూలింది. 1765–66 నాటికి ఉత్తర సర్కారులు కాగితం మీద కూడా కంపెనీవయ్యాయి. ఇదంతా కెనడా నుంచి జర్మనీ దాకా సాగిన ఏడేళ్ల యుద్ధంలో (1756–63) ఒక భాగం. ఫ్రాన్సు, బ్రిటన్ ప్రపంచం మీద పెత్తనానికి కొట్టుకున్న ఆ యుద్ధంలో తెలుగునేల పందెం తేలింది చందుర్తిలో. దానికి దారి తీసింది విశాఖ తీరం. ఆ రోజును తీసేస్తే, నేను ముప్పై నాలుగేళ్లు ఫ్రెంచిలో పాఠం చెప్పి ఉండేవాణ్ణేమో, యానాం మాస్టార్లలాగా.

యుద్ధాలు, తిరుగుబాట్లు లేని మలుపుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ జాబితాలో అవి ఒక్కటీ లేవు.

మా ఇంట్లో వంటగది తలుపు వెనక మేకుకు ఒక కొక్కెం వేలాడుతోంది. జానెడు ఇనుప ముక్క, మొన దగ్గర వంపు, పిడికిలికి సరిపోయే కర్ర పిడి. పిడి ఒక వైపు నున్నగా అరిగిపోయి ఉంటుంది, మా నాన్న బొటనవేలు ఆనిన వైపు. ఆయన రేవులో కలాసీ. ఎరువుల బస్తాలు, పంచదార బస్తాలు ఆ కొక్కెంతో లాగి, తాళ్ల వలలోకి దొర్లించి, క్రేనుకు తగిలించేవారు. మేస్త్రి కింద ఒక్కో గ్యాంగు. ఒక ఓడ ఖాళీ కావడానికి వారం, పది రోజులు. ఆ వారం పది రోజులూ ఓడ నావికులు పాత ఊళ్లో తిరిగేవారు, టీ కొట్లు కళకళలాడేవి.

ఆయన కొక్కెం పట్టుకుని నాలుగైదేళ్లయినా కాకముందే, దానికి పని లేకుండా చేసే ప్రయాణం ఒకటి అమెరికాలో జరిగింది. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే లారీల యజమాని, ఐడియల్ ఎక్స్ అనే పాత చమురు ఓడ మీద 58 ఇనుప పెట్టెలు ఎక్కించి, న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. విడి సరుకు ఓడకెత్తడానికి ఆ రోజుల్లో టన్నుకు దాదాపు ఆరు డాలర్లు అయ్యేది. పెట్టెల్లో అయితే పదహారు సెంట్లకు మించలేదని మెక్‌లీన్ మనుషులు లెక్క తేల్చారు. ఈ ఒక్క అంకె మీద నేను తరగతిలో పూర్తిగా ఒక గంట మాట్లాడేవాణ్ణి. మీ చేతిలోని ఫోను ముక్కలు ముక్కలుగా నాలుగు దేశాల్లో తయారై ఒకచోట అతుక్కోవడానికి, చైనా తీర నగరాలు ప్రపంచానికి కార్ఖానాలు కావడానికి, ఆ ఆరు డాలర్లు పదహారు సెంట్లు కావడమే దారి వేసింది. 1956 గురించి పుస్తకాలు చెప్పేవి హంగరీ తిరుగుబాటు, సూయెజ్ గొడవ. రెండూ గొప్ప ఘట్టాలే. ఆ ఏడాది అసలు మలుపు మాత్రం ఏప్రిల్‌లోనే ఓడెక్కి వెళ్లిపోయిందని నా అభిప్రాయం. నా మిత్రుల్లో చాలామంది ఒప్పుకోరు.

ఆ పెట్టెలు మన విశాఖకు పూర్తి స్థాయిలో చేరడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. మరుసటి ఏడాది నాన్నను రాస్ హిల్ మీదికి తీసుకెళ్లాను. డెబ్బై దాటాయి, మెట్ల దగ్గర రెండుసార్లు ఆగారు. పైనుంచి హార్బరు, దూరంగా పెద్ద క్రేన్లు కనిపిస్తున్నాయి. పెట్టె మీద పెట్టె పేరుస్తున్నాయి. చాలాసేపు చూసి, "మనుషులేరిరా?" అన్నారు. క్రేను గదిలో ఒకడుంటాడు నాన్నా అన్నాను. ఇంకేమీ అడగలేదు.

సూయెజ్ మాట వచ్చింది కాబట్టి క్లుప్తంగా. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే నాలుగు వందల మీటర్ల ఓడ కాలువకు అడ్డం తిరిగితే ఆరు రోజులు లోకమంతా టీవీకి అతుక్కుపోయింది. పెట్టెలు మళ్లీ కదిలాయి, కథ కంచికి చేరింది. అదే కాలువ 1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంతో మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు పెద్ద ఓడ అయితేనే గిట్టుబాటు. చమురు ఓడలు ఏనుగుల్లా పెరగడానికి ఆ ఎనిమిదేళ్లు పెద్ద ఊపునిచ్చాయి. ఆరు రోజులు అందరికీ గుర్తున్నాయి, ఎనిమిదేళ్లు గుర్తులేవు.

ఇక మూడో రకం: ఏమీ జరగకపోవడమే మలుపైన రోజు. దీనికి మీరు పుస్తకం తెరవక్కర్లేదు, రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లండి. ఈసారి ఫొటోలు తీసుకోకుండా నడవండి. ఒక అర నుంచి మరో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి నడుం వంచి, ముందు ఒక కాలు, తరువాత తల. పక్కకు తిరిగితే భుజానికి పైపు తగులుతుంది. పడకలు ఒకదాని మీద ఒకటి, బీరువా అరల్లా. అందులో డెబ్బై మందికి పైగా ఉండేవారు.

అది సోవియట్ తయారీ ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. సరిగ్గా అదే తరగతికి చెందిన బి-59, 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర నీటి అడుగున ఉంది. క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద అమెరికాతో గొడవ ముదిరిన రోజు. పైన అమెరికా యుద్ధనౌకలు. దాన్ని పైకి రప్పించడానికి చిన్న హెచ్చరిక బాంబులు వేస్తున్నాయి. లోపల బ్యాటరీలు అడుగంటాయి, వేడి 45 డిగ్రీలు దాటింది, మాస్కోతో సంబంధం తెగింది. యుద్ధం మొదలైందో లేదో తెలియదు. వాళ్ల దగ్గర ఒక అణు టార్పెడో ఉందన్న సంగతి పైనున్న అమెరికన్లకు తెలియదు. లోపలున్నవాళ్లు తరువాత చెప్పిన దాని ప్రకారం, కెప్టెన్ సవిత్‌స్కీ సహనం కోల్పోయి ఆ టార్పెడోను సిద్ధం చేయమన్నాడు. దళాధికారి వసీలీ అర్ఖీపోవ్ అతన్ని శాంతపరిచి, పైకి తేలుదామని ఒప్పించాడు. అర్ఖీపోవ్ అంతకు ముందు ఏడాదే కె-19 అనే అణు జలాంతర్గామిలో రియాక్టరు ప్రమాదం నుంచి బయటపడ్డవాడు. అణుధార్మికత మనుషులను ఏం చేస్తుందో కళ్లారా చూశాడు. ఆయన 1998లో చనిపోయారు. ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది 2002 అక్టోబరులో హవానాలో జరిగిన సదస్సులో. మన కురుసుర ఒడ్డుకెక్కి మ్యూజియంగా తలుపులు తీసింది ఆ ఏడాది ఆగస్టులోనే. అప్పటి నుంచి నా విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లి, రెండో అరలో అందరినీ ఒక్క నిమిషం నిలబెట్టి, "ఇందులో గాలి లేదు, మీకు నిద్ర లేదు, పైన చప్పుడు. ఇప్పుడు నిర్ణయం చెప్పండి" అనేవాణ్ణి.

అక్కడికి దగ్గర్లోనే 1971 యుద్ధ విజయ స్మారకం ఉంది. ఆ డిసెంబరు 3–4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగింది. ఎలా మునిగిందనే దానిపై రెండు దేశాల వాదనలు వేరు. విశాఖవాసిగా నాకు గర్వమే. కానీ చరిత్ర మాస్టారుగా దాన్ని ఘట్టాల వరుసలోనే పెడతాను. మలుపు డిసెంబరు 16న ఢాకాలో జరిగిన లొంగుబాటుది, దాని వెంట పుట్టిన కొత్త దేశానిది. నేవీ నుంచి రిటైరైన మా పక్కింటి పెద్దమనిషి ఈ మాటకు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మీ జాబితాలోని మిగతావాటి గురించి గబగబా చెబుతాను.

1453: కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతికి చిక్కడంతో సుగంధ ద్రవ్యాల దారి మూతపడి, ఐరోపావారు సముద్రమార్గం వెతికారని నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. పోర్చుగీసువారు 1415లోనే ఉత్తర ఆఫ్రికాలో స్యూటాను పట్టుకుని, ఆ తరువాత తీరం వెంబడి దిగుతూ వచ్చారు. 1453 నాటికే వాళ్లు పశ్చిమ ఆఫ్రికా తీరం చాలా దూరం దిగి ఉన్నారు. కాబట్టి 'అందువల్ల' అని రాయకండి.

1789: జూలై 14న బాస్టిల్ కోట పడినప్పుడు అందులో ఉన్న ఖైదీలు ఏడుగురే. ఘట్టం అది. మలుపు కావాలంటే ఆగస్టు 4 రాత్రి చూడండి. జాతీయ సభ కూర్చుని భూస్వాముల హక్కులను ఒక్కొక్కటిగా రద్దు చేసుకుంటూ పోయింది.

1914: సరాయెవోలో హత్యకు గురైన ఆస్ట్రియా యువరాజు కారు దారి తప్పిన మాట నిజం. హంతకుడు శాండ్‌విచ్ కొనుక్కోవడానికి ఆగాడన్నది కల్పన, పరీక్షలో రాస్తే నవ్వుతారు. అసలు మలుపు వారం తరువాత, జూలై 5న, నువ్వేం చేసినా నీ వెంట ఉంటానని ఆస్ట్రియాకు జర్మనీ మాట ఇచ్చిన రోజు.

1945 మాత్రం రెండూ. హిరోషిమా విషయంలో నేను ఎవరితోనూ వాదించను.

1989: నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకోవడం ఒక తూర్పు జర్మనీ అధికారి విలేఖరుల సమావేశంలో తడబడటం వల్ల. కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటి నుంచి అని అడిగితే కాగితాలు తిరగేసి, నాకు తెలిసినంతలో వెంటనే అన్నాడు. జనం గేట్ల మీదికి వెళ్లారు. కానీ సరిగ్గా నెల ముందు, అక్టోబరు 9న, లైప్‌జిగ్ వీధుల్లోకి దాదాపు 70,000 మంది వచ్చారు. ఆసుపత్రుల్లో అదనపు రక్తం సిద్ధం చేశారన్న వదంతుల మధ్య వచ్చారు. ఆ రాత్రి ఎవరూ తుపాకీ పేల్చలేదు. ఆ రాత్రి పేలి ఉంటే నవంబరులో ఆ తడబాటుకు అంత బలం ఉండేది కాదు.

పరీక్షలో ఏడేళ్ల యుద్ధం మీద ప్రశ్న వస్తే క్వెబెక్, ప్లాసీ, వందవాసి అందరూ రాస్తారు. మీరు చందుర్తి పేరు, 1758 డిసెంబరు, ఫోర్డ్ విశాఖలో దిగిన సంగతి రెండు వాక్యాల్లో చేర్చండి. వందల కాగితాలు దిద్దినవాణ్ణి, దిద్దేవాడి కలం అక్కడ ఒక్క క్షణం ఆగుతుందని చెప్పగలను. ఎర్ర కోట్ల సంగతి మాత్రం రాయకండి, స్థలం చాలదు.